కంటి ఫోటోకి టచింగ్

ఇప్పుడు ఏ కంటి ఆసుపత్రికి వెళ్లినా తెల్లకోటు వేసుకున్న పిల్లలు మనల్ని ఓ మిషను ముందు కూర్చోబెట్టి "గడ్డం ఇక్కడ ఆనించండి అంకుల్" అంటారు. టక్కున ఒక వెలుగు మెరుస్తుంది. పక్కనున్న తెర మీద మన కంటి లోపలి పొర రంగుల్లో ప్రత్యక్షమవుతుంది. అది రావడానికి రెండు క్షణాలు ఆలస్యమైతే ఆ పిల్లలు విసుక్కుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. బాబూ, విసుక్కునే హక్కు మీకు లేదు. అది మేము సంపాదించుకున్న హక్కు, ఇంకా పూర్తిగా వాడుకోలేదు కూడా.

నేను జగ్గయ్యపేటలో ఒక ధర్మ కంటి ఆసుపత్రిలో పనిచేశాను. డెబ్బైల చివర్లో చేరి ఎనభైలన్నీ అక్కడే గడిపాను. కాపురం నందిగామలో. పొద్దున్నే హైదరాబాదు రోడ్డు మీద బస్సులో వేలాడుతూ వెళ్లడం, సాయంత్రం సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ రావడం. నా ఉద్యోగం పేరు రిఫ్రాక్షనిస్టు, అంటే చూపు పరీక్షించి అద్దాల నంబరు చెప్పేవాణ్ణి. అందుకోసం హైదరాబాదులో చదివాను, పరీక్ష రాసి పాసయ్యాను, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. అయినా ఆ చుట్టుపక్కల ఒక్కరు కూడా నన్ను "కాంపౌండరు గారూ" అని తప్ప పిలవలేదు. నేను కాంపౌండర్ని కానని చెప్పేవాణ్ణి. "అట్టాగేలెండి కాంపౌండరు గారూ" అనేవాళ్లు.

ఆ ఆసుపత్రికి ఎవరో దాతలు ఒక రెటీనా కెమెరా ఇచ్చారు. రెటీనా అంటే కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పల్చటి పొర, సినిమాహాల్లో తెర లాంటిది. బొమ్మ పడేది దాని మీదే. దాన్ని ఫోటో తీయడం ఈ మిషను పని. విదేశంలో వాడినంత కాలం వాడి, ఇక వద్దనుకున్నాక మాకు దానం చేశారు. దానికి కావలసినంత కరెంటు జగ్గయ్యపేటలో ఎప్పుడూ ఉండేది కాదు. వోల్టేజి తగ్గితే దీపం గుడ్డిగా వెలిగేది, పెరిగితే బల్బు పోయేది. బల్బు మద్రాసు నుంచి రావాలి. రంగు ఫిల్ము కడిగించాలన్నా మద్రాసే. మా ఎండలకు ఆ ఫిల్ము పోస్టులోనే ఉడికిపోయేది కాబట్టి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముతోనే సరిపెట్టుకునేవాళ్లం. దాన్ని కడగడానికి మాకు డార్క్‌రూమ్ లేదు. కట్టిస్తామన్న పెద్దలు శంకుస్థాపన చేసి, ఫోటో దిగి, వెళ్లిపోయారు. దాంతో మా ఫిల్ములు బజారులో ఒక ఫోటో స్టూడియోకి వెళ్లేవి. ఆ స్టూడియో ఓనరు అక్కడి షావుకార్ల కుటుంబంలో చిన్నవాడు. బట్టల కొట్లో కూర్చోమంటే కూర్చోక కెమెరా పట్టుకున్నవాడు. పెళ్లి ఫోటోల్లో ఆ ప్రాంతంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరే మా కొంప ముంచింది.

మా డాక్టరమ్మ గారి గురించి కూడా చెప్పాలి. ఆవిడకు ఓపిక తక్కువ, నిజం చెప్పే అలవాటు ఎక్కువ. రోగి ఏడుస్తాడని మాట మెత్తబరచడం ఆవిడకు చేతకాదు. చెప్పాల్సింది చెప్పేసి, ఏడ్చేవాళ్లను నా గదిలోకి పంపేది. ఓదార్చడం రిఫ్రాక్షనిస్టు పనుల్లో ఒకటని నాకు హైదరాబాదులో ఎవరూ నేర్పలేదు.

మిరప కోతల రోజుల్లో ఒక పొద్దున ఒక అమ్మాయి తన మేనమామను వెంటబెట్టుకుని వచ్చింది. పెనుగంచిప్రోలు దాటాక మునేరు పక్కన ఒక ఊరు వాళ్లది. అమ్మాయి నందిగామలో డిగ్రీ చదువుతోంది. ఆయన ఆమె తల్లికి తమ్ముడు, ముప్పై నిండని రైతు, ఇస్త్రీ చొక్కా, చక్కటి మనిషి. నుదుటి మీద మాత్రం పెద్ద కట్టు.

"కల్లం నుంచి వస్తా ఆగున్న ఎడ్లబండిని గుద్దుకున్నాడండి," అంది అమ్మాయి.

"చీకటి పడిందండి," అన్నాడాయన.

"ఏం పడలేదు మామయ్యా. నాకు ఎద్దు మెళ్లో గంటలు కూడా కనపడుతున్నాయి."

అక్షరాల బోర్డు చదివించాను. అడుగు వరస దాకా గడగడా చదివేశాడు. అంత చూపు నాకు లేదు. అయితే నేను పక్కనుంచి పెన్ను కదిపితే చూడలేదు. ఇంకా ముందుకు తెచ్చాను, అప్పుడూ చూడలేదు. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక "ఆ, పెన్ను" అన్నాడు. ఊళ్లో ఆయనకు పొగరని పేరట, పక్కన నిలబడ్డ మనిషిని పలకరించడని. పలకరించాలంటే కనపడాలి కదా.

డాక్టరమ్మ చుక్కల మందు వేసి, చిన్న టార్చి లాంటి పరికరంతో ఆయన కంట్లోకి చాలాసేపు చూసింది. తర్వాత నన్నూ చూడమంది. రెటీనా అంచుల నిండా నల్లటి మచ్చలు, సాలీడు కాళ్లలా చీలి అల్లుకుని ఉన్నాయి. రక్తనాళాలు దారాల్లా సన్నబడ్డాయి. పుస్తకంలో బొమ్మ చూసి గుర్తుపెట్టుకున్నదాన్ని మొదటిసారి మనిషిలో చూశాను.

"ఇది వంశంలో వచ్చే జబ్బు," అంది డాక్టరమ్మ. "ముందు రాత్రిచూపు పోతుంది. తర్వాత పక్కచూపు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. మందు లేదు."

"మేక కార్జం వండిపెడుతున్నామండి," అంది అమ్మాయి.

"తినండి, బలం. దీనికి మాత్రం పనిచెయ్యదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదండి," అన్నాడాయన, కాస్త తొందరగా.

డాక్టరమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "ఈయనకి పెళ్లయిందా?"

అమ్మాయి తల దించుకుంది. "వైశాఖంలోనండి. నాతోనే."

ఆవిడ చేతిలో పరికరం బల్ల మీద పెట్టేసింది. మేనరికాలు మా ప్రాంతంలో వింత కాదు. పొలం బయటికి పోదు, పిల్ల బయటికి పోదు, అత్త కొత్తగా అత్త కానక్కర్లేదు. డాక్టరమ్మ తన పద్ధతిలో తాను చెప్పేసింది. "ఒకే ఇంటి రక్తం. నీ కళ్లు బాగానే ఉన్నాయి, కానీ ఈ జబ్బు నీలో దాగి ఉండొచ్చు. ఈయన్ని చేసుకుంటే పుట్టే పిల్లలకు బయటపడొచ్చు. సంబంధం లేని ఇంట్లో చేసుకుంటే చాలావరకు రాదు." ఆ తర్వాత ఎప్పటిలాగే ఇద్దర్నీ నా గదిలోకి పంపింది.

ఆ పిల్ల ఏడవలేదు. మామయ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తిరిగి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "నాకు మామయ్యంటే ఇష్టమేనండి. చిన్నప్పటినుంచీ నన్ను భుజాన మోశాడు. చూపు లేకపోతే నేను చూసుకుంటా. కానీ పిల్లలకి వస్తదని తెలిసి ఎట్టా కనమంటారు? మా తాతయ్యకి మీరొచ్చి చెప్పండి. నేను చెప్తే ఆడపిల్ల మాటంటాడు."

వెళ్లమని డాక్టరమ్మను అడిగాను. ఇళ్లకెళ్లి బోధించడం తన పని కాదంది. నా పనీ కాదు. అయినా ఆదివారం నాడు, సెలవు రోజున, రెండు బస్సులు మారి, మునేటి ఇసుకలో నడిచి వెళ్లాను.

తాతగారు మిద్దె వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. మిరపా పత్తీ పండించే పెద్ద రైతు. భార్య పోయి కొన్నేళ్లయింది. కూతురూ అల్లుడూ పక్క వీధిలోనే ఉంటారు, అయితే ఆ ఇంట్లో ఆయన మాటే మాట. నేను చెప్పినదంతా విన్నారు. విని, కొడుకును పిలిచి చేతికి పేపరిచ్చారు.

"చదవరా."

కొడుకు చదివాడు. పత్తి ధరలు, సినిమా ప్రకటనలు, అన్నీ తడబడకుండా చదివాడు.

"ఏవయ్యా కాంపౌండరూ, ఇంత చిన్నక్షరాలు చదివేవాడికి చూపు లేదంటావేంటి?"

మధ్యచూపు వేరు, పక్కచూపు వేరని చెప్పాను. పక్కచూపు వ్యవసాయానికి దేనికని ఆయన అడిగారు. రాత్రిచూపు లేదన్నాను. రాత్రి నిద్రపోక చూసేదేముందన్నారు. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్న ప్రశ్నకు మాత్రం ఆయన గోడ వైపు చెయ్యి చూపించి, "మా వంశం అదిగో, చూసుకో" అన్నారు. గోడ నిండా పెళ్లి ఫోటోలు. ఆయనది, తమ్ముళ్లవి, చెల్లెళ్లవి, కూతురిది. అన్నిట్లోనూ మిట్టమధ్యాహ్నం ఎండ. పెళ్లికొడుకులూ పెళ్లికూతుళ్లూ అందరూ కళ్లు చికిలించుకుని నిలబడ్డారు.

"అన్నీ పగలే తీయించారే," అన్నాను మర్యాదకు.

"పగటి ముహూర్తాలేనయ్యా మావి. రాత్రి పెళ్లి మా ఇంటికి అచ్చిరాదు. మా తాతలనాటి ఆనవాయితీ."

చివరికి ఆయన ఒక మెట్టు దిగారు. "ఆ మచ్చలేవో ఉన్నాయంటన్నావు గదా. ఫోటో తీసి చూపించు. కళ్లారా చూస్తే నమ్ముతా. అప్పుడు పెళ్లి మానేస్తా, పో." నాకు ప్రాణం లేచివచ్చింది. మాట మీద నిలబడే మనిషని ఊళ్లో అందరూ అన్నారు.

సోమవారం ఈ సంగతంతా డాక్టరమ్మకు చెప్పాను. గోడ మీది పగటి పెళ్లి ఫోటోల సంగతి కూడా చెప్పాను, ఏదో ముచ్చటగా. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపేసింది.

"మన జిల్లాలో సగం పెళ్లిళ్లు రాత్రిపూట జరుగుతాయి. ఆ ఒక్క ఇంట్లో తాతల కాలం నుంచి ఒక్క రాత్రి పెళ్లి కూడా లేదంటే దానికి అర్థమేంటో నీకు తెలియలేదా? పెళ్లికొడుకు పందిట్లో తడుముకుంటాడని!"

ఎప్పుడో ఒక ముత్తాత సిగ్గుపడి మొదలుపెట్టిన ఏర్పాటు, కొడుకులకు ఆచారమై, మనవళ్లకు పవిత్రమైపోయింది. ఇక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ దాచక్కర్లేదు, పంచాంగమే దాచిపెడుతుంది.

ఫోటో తీసిన రోజు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలనొప్పి వస్తుంది. పొద్దున కరెంటు లేదు. వచ్చాక వోల్టేజి లేదు. వోల్టేజి వచ్చేసరికి ఆయన కంట్లో మందు ప్రభావం తగ్గింది, మళ్లీ చుక్కలు వేశాం. వెలుగు మెరిసినప్పుడల్లా ఆయన తల వెనక్కి లాక్కునేవాడు. అమ్మాయి వెనక నిలబడి రెండు చేతులతో మామయ్య తల పట్టుకుంటే నేను బటన్ నొక్కాను. ఫిల్ము తీసుకెళ్లి నా చేతులతో స్టూడియోలో ఇచ్చాను. జాగ్రత్తగా చెయ్యమని చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తర్వాతి వారం నాకు జ్వరం. నేను మళ్లీ డ్యూటీలో చేరిన పూట మేనమామ ఒక్కడే వచ్చాడు. చేతిలో స్టూడియో కవరు ఉంది. తాతగారు సంతకు వచ్చినప్పుడు తనే స్టూడియోకి వెళ్లి ఫోటోలు తీసుకుపోయారట. ఊళ్లో అందరికీ చూపించారట. తాంబూలాలకు రోజు కూడా పెట్టించారట.

ఆయన ఫోటో నా బల్ల మీద పెట్టి అడిగాడు. "ఇందులో ఏం లేదు గదండీ. మరి నాకెందుకు కనపడట్లేదు?"

ఫోటో చూశాను. పున్నమి చంద్రుడిలా తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. వేరేవాళ్ల ఫోటో ఏమో అనుకున్నాను. కాదు, రక్తనాళాల వంపులు ఆయనవే. చొక్కా గుండీ కూడా పెట్టుకోకుండా బజారుకు పరుగెత్తాను.

స్టూడియో ఓనరు నన్ను చూసి నవ్వుతూ లేచాడు. "ఎట్టా వచ్చిందండీ కాంపౌండరు గారూ? చూశారా పనితనం!"

"మచ్చలేవయ్యా?"

"మొత్తం తీసేశా! ఎన్నున్నాయనుకున్నారు? మీ మిషన్లో దుమ్ము పడిందో, ఫిల్ముకు బూజు పట్టిందో, నల్లగా చెదలు తిన్నట్టుంది. నెగిటివ్ మీద సన్న పెన్సిల్‌తో ఒక్కొక్కటీ కూర్చుని టచింగ్ చేశా. స్ఫోటకం మచ్చలున్న పెళ్లికూతురికి కూడా ఇంత కష్టపళ్లేదు. మన ఆసుపత్రి పని గదాని ఎక్స్‌ట్రా కూడా వెయ్యలేదు."

అప్పుడు నేను ఏం అన్నానో ఇక్కడ రాయలేను. పాపం అతని తప్పేముంది అని మీరంటారు. అతను పెళ్లి ఫోటోలు తీసేవాడు. ముఖాన మచ్చ కనపడితే తుడిచేయడం అతని వృత్తి ధర్మం. ఆ ప్రాంతంలో ఏ పెళ్లికూతురికీ మొటిమ లేకుండా చేసిన మహానుభావుడు. మచ్చల కోసమే ఎవరైనా ఫోటో తీస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. అతని తప్పేమీ లేదని నాకు అప్పుడూ తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

సంగతి అర్థమయ్యాక అతను వెంటనే నెగిటివ్ తీసి, దూదితో ఏదో మందు అద్ది పెన్సిలంతా తుడిచాడు. మళ్లీ ప్రింటు వేస్తే ట్రేలో నీళ్ల కింద నుంచి నల్ల మచ్చలు ఒక్కొక్కటే తేలాయి. ఫోటో తడి ఆరకముందే తాంబూలాల రోజు వచ్చేసింది. ఈసారి డాక్టరమ్మను బతిమాలలేదు. ఫోటో ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చూసి, ఓపీ చీటీలు పక్కకు తోసేసి, ఆసుపత్రి జీపు తీయించింది.

మేము వెళ్లేసరికి వరండాలో జంపఖానాలు పరిచి ఉన్నాయి. పంతులుగారు పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ ఎవరినీ పలకరించకుండా కొత్త ఫోటో తాతగారి చేతిలో పెట్టింది. స్టూడియోలో పెన్సిల్‌తో జరిగిన పొరపాటు నేను చెప్పాను. ఆయన దాన్ని కళ్ల ముందు అటూ ఇటూ జరుపుతూ ముక్క ముక్కగా చూశారు. ముందు ఒక మూల, తర్వాత ఇంకో మూల. అరచేయంత ఫోటో ఆయనకు ఒక్కచూపులో ఆనడం లేదు. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇన్నాళ్లూ మేము ఎవరికి ఫోటో చూపించాలని తన్నుకున్నామో అప్పుడు తెలిసి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"మొన్న మచ్చల్లేవు. ఇయ్యాల మచ్చలొచ్చినయ్యి," అన్నారాయన. "పెన్సిల్‌తో తీసేసినోడు పెన్సిల్‌తో పెట్టలేడా? ఏది నమ్మమంటారు?"

డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పాను, ఒకరి మాట మీద ఒకరం చెప్పాం. గోడతో చెప్పుకున్నా ఇంతకంటే నయం. ఫోటో జంపఖానా మీద పడేసి ఆయన పంతులుగారి వైపు తిరిగారు. "మీరు కానివ్వండి."

పంతులుగారు వేళ్లు లెక్కపెట్టుకున్నారు. "వైశాఖంలో రాత్రి లగ్నం ఒకటి దివ్యంగా ఉందండి. పగటిది ఉంది కానీ, అంత బలం లేదు."

"పగటిదే రాయండి."

"రాత్రిదే రాయండి పంతులుగారూ."

గుమ్మంలోంచి అమ్మాయి. పట్టుచీరలో ఉంది, చేతిలో తాంబూలం పళ్లెం. ఆ పిల్ల తాతయ్యనే చూస్తోంది, మామయ్య వైపు చూడటం లేదు. "బలమైన ముహూర్తమంటన్నారు గదా తాతయ్యా. రాత్రే పెట్టించండి. మామయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా విడిదింటి నుంచి పందిట్లోకి నడిచొస్తే, ఫోటోలన్నీ అబద్ధాలని నేను కూడా ఒప్పుకుంటా. తలొంచి తాళి కట్టించుకుంటా."

నాకు ఆ క్షణంలో ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. అంతమందిలో ఆ మనిషిని అలా నిలబెట్టాలా? అయితే మేమందరం చదువులతో, మిషన్లతో చెప్పలేనిది చెప్పడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

మేనమామ లేచాడు. "వద్దు నాన్నా. నేను నడవలేను. నాకు పొద్దుగూకితే ఏం కనపడదు. చిన్నప్పటినుంచీ అంతే. నీకు తెలుసు."

తాతగారు కొడుకు వైపు తిరిగారు. "తెలుసురా. నాకూ కనపడదు. మా నాయనకీ కనపడేది కాదు. బతకలేదా మేము? ఈ పొలాలు సంపాయించలేదా? పరాయి పిల్లయితే నీ సంగతి తెలిసిన్నాడే వదిలేసి పోద్ది. ఇదైతే మన పిల్ల. నిన్ను చూసుకుంటది. ఇంకెవరిస్తార్రా నీకు పిల్లని?"

అంతే, ఆయన పంతమంతా అదే. ఆయన మూర్ఖుడని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. కొడుకు చీకట్లో ఒంటరిగా మిగిలిపోతాడన్న భయంతో ఆయన మనవరాలిని దీపంలా ఇవ్వబోయారు.

కొడుకు తండ్రి కుర్చీ పక్కన చతికిలబడి మెల్లగా చెప్పాడు. "నువ్వు అమ్మ చెయ్యి పట్టుకుని నడిచావు నాన్నా. అమ్మ పోయాక నా భుజం పట్టుకున్నావు. భుజమిచ్చిన నాకే కనపట్టం లేదు. ఇక నాకు పుట్టినోళ్లు ఎవర్ని పట్టుకోవాలి?"

తాతగారు పంచాంగం మూసేయమని పంతులుగారికి చేత్తో సైగ చేశారు. మాట నిలబెట్టుకున్నారనే అనాలి, ఫోటో మాత్రం ఆఖరికి కూడా నమ్మలేదు.

మీలాంటి పిల్లలకు ఇక్కడ నేనేదో గెలిచినట్టు అనిపించవచ్చు. ఏం గెలిచాను? మేనమామ ఆ తర్వాత కూడా ఆసుపత్రికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఫోటో తీసేవాణ్ణి. మచ్చలు మధ్యకు జరుగుతున్నాయని ఆయనకు చూపించేవాణ్ణి. ఆయన చూసి, "అట్టాగా అండీ" అనేవాడు. అంతకుమించి ఆ దిక్కుమాలిన మిషను చేసిందేమీ లేదు. రోగాన్ని అంత వివరంగా చూపించి, చేతులు కట్టుకుని కూర్చునే పరికరాన్ని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు మీ తెరల మీద రంగుల్లో వస్తున్న బొమ్మ చూసినప్పుడు నాకు తట్టే మొదటి ప్రశ్న ఒకటే: సరే నాయనా, కనపడింది, ఇప్పుడు ఏం చేస్తావు?

మరుసటేడు ఆ అమ్మాయికి వీరులపాడు వైపు ఒక బళ్లో మాస్టారితో పెళ్లి కుదిరింది. ఏ చుట్టరికమూ లేని ఇల్లు. ముహూర్తం రాత్రిపూట. డాక్టరమ్మ వెళ్లడానికి కుదరదంది, నేను వెళ్లాను. పందిట్లో ట్యూబులైట్లు సగం వెలిగి సగం కొట్టుకుంటున్నాయి. తాతగారు ఒక దీపం కింద కుర్చీలో పాతినట్టు కూర్చున్నారు. నా గొంతు గుర్తుపట్టి, "కాంపౌండరూ, భోంచెయ్యకుండా పోమాక" అన్నారు. దిద్దబోయి ఊరుకున్నాను.

మా వైపు పెళ్లిలో పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ పందిట్లోకి తెస్తాడు. ఆ ఇంటి గుమ్మానికీ పందిరికీ మధ్య పెరటి దారిలో దీపం పెట్టాలని ఎవరికీ తోచలేదు. నేను చూసి అరిచేలోపే బుట్ట లేచింది. చుట్టాలు పట్టుకోబోతే మేనమామ ఒప్పుకోలేదట. తనొక్కడే బుట్టను గుండెలకు ఆనించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా చీకటి. ఆయన కళ్లు విశాలంగా తెరుచుకుని ఉన్నాయి, వాటి నిండా ఏమీ లేదని ఆ జనంలో తెలిసింది కొద్దిమందికే. నేను పక్కకు చేరుకున్నాను, పడితే పట్టుకుందామని.

బుట్టలోంచి సన్నగా వినిపించింది. "మామయ్యా, గడప. కాలెత్తు. ఆ, ఇప్పుడు ఎడమకి. నీళ్ల గోళెం ఉంది, ఇంకాస్త ఎడమకి."

ఆయన నడిచాడు. కాలు జాగ్రత్తగా వేస్తూ, తొణకకుండా నడిచాడు.

వెనకనుంచి ఒక పెద్దావిడ విసుక్కుంది. "పెళ్లికూతురివి, ఆ వాగుడేంటే! తలొంచుకుని నోర్మూసుకో!"

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ దిగమింగుకుంటూ వచ్చిన విసుగంతా ఆ ఒక్కసారి నా గొంతులోకి వచ్చింది. ఎవరింటి పెళ్లో, ఎవరి చుట్టమో చూసుకోలేదు. "మీరు నోర్మూసుకోండమ్మా! ఆ పిల్లని మాట్లాడనివ్వండి!" అని అరిచాను. సన్నాయి కూడా ఒక క్షణం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఆమె మళ్లీ అంది. "ఇంక తిన్నగా రా మామయ్యా. వచ్చేశాం."